గేజ్‌లో మెంతిగింజంత రబ్బరు

నీళ్లలో మునిగి పనిచేయడం నా బతుకుదెరువు. కాలువ గేట్ల కింద ఇరుక్కున్నవి తీయడం, దామరచర్ల వైపు పంపుల జాలీలకు పట్టిన నాచు గీకడం లాంటివి. గరిడేపల్లిలో గొర్లు కాసే మా నాయన మాత్రం ఎవరడిగినా "మావోడు బావిల పడ్డ బిందెలు తీస్తడు" అంటాడు.

పోయినేడు కోదాడ దగ్గర కాలువ గేటు పని ఒప్పుకున్నాను. ముందు రోజు పొద్దున మిర్యాలగూడలో మా ఇంటి డ్రమ్ములో సామాను ముంచి చూస్తే ప్రెషర్ గేజ్ దగ్గర సన్నగా బుడగలు. వీపు మీది సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చూపించే మీటరు అది. దాని గొట్టం కలిసే చోట అగ్గిపుల్లలో సగమంత ఇత్తడి పుల్ల, దానికి రెండు రబ్బరు రింగులు ఉంటాయి. ఒక్కొక్కటి మెంతిగింజంత. మీటరు అటూ ఇటూ తిరిగీ తిరిగీ అవి అరిగిపోతాయి. ఆ పని ఎప్పుడూ విశాఖలో చేయించేవాణ్ణి. ఈసారి అంత టైం లేదు.

మా ఆవిడ వచ్చి చూసింది. "కుక్కర్‌ది పాత రబ్బరున్నది. కత్తిరించి ఇయ్యన్నా?" అంది. నిజంగానే అడిగింది.

సూర్యాపేటలో జేసీబీ సామాన్ల దుకాణానికి పోయాను, అలాంటి రబ్బరు రింగులు జేసీబీ గొట్టాలకూ ఉంటాయి కదా అని.

"ఏ బండికి?" అన్నాడు దుకాణదారు.

"బండికి కాదన్నా. నీళ్లల్ల మునిగేటప్పుడు పెట్టుకునే మీటరుకు."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి, డబ్బా తీసి, నేను చూపిన పుల్లకు సరిపోయేవి వెతికాడు. ఆరు పొట్లం కట్టాడు.

"రెండే కావాలె."

"రెండు పెట్టేలోపు నాలుగు పోతయి. తీస్కపో."

ఆయన అన్నట్టే అయింది. కోదాడ లాడ్జిలో మంచం మీద కూర్చుని మొదలుపెడితే ఒకటి మంచం కిందికి ఎగిరింది, ఇంకోటి గోరు తగిలి తెగింది. ఇంకో రెండు ఎటు పోయాయో నాకే తెలియదు. మిగిలిన రెండింటినీ గుప్పిట్లో పట్టుకుని, మీటరు తీసుకుని కిందికి దిగాను. లాడ్జి పక్కనే వాచీలు బాగుచేసే కొట్టు ఉంది. కంటికి భూతద్దం పెట్టుకుని ఒక పెద్దాయన పని చేసుకుంటున్నాడు.

"డైవర్ని, పెద్దయ్యా," అన్నాను.

"ఏ బస్సు?" అన్నాడు. ఆయనకు చెవులు సరిగా వినపడవని అప్పుడర్థమైంది. మీటరు చేతికిచ్చాను.

అగరుబత్తి పుల్లను చెక్కి, దానితోనే ఇంకా ఊడని పాత రింగును లాగేశాడు. "ఇనుము తగిలితే గీత పడుద్ది బాబూ. గీతలోంచి గాలి పోద్ది." నా దగ్గరున్న సిలికాన్ గ్రీజు రవ్వంత రాసి, కొత్తవి రెండూ రెండు నిమిషాల్లో ఎక్కించాడు. "పరీక్ష చేయకుండా నా కొట్లోంచి వస్తువు కదలదు," అన్నాడు.

లాడ్జి గదిలోంచి సిలిండర్ కిందికి దించాను. పక్క టీకొట్టు వాళ్ల బకెట్‌లో మీటరూ గొట్టాలూ ముంచి వాల్వు తిప్పాను. గాలి పీల్చడానికి నోట్లో పెట్టుకునే ముక్క నీళ్లలో వెల్లకిలా పడి, పెద్ద చప్పుడుతో గాలి వదిలింది.

"గ్యాస్ లీకైంది," అన్నారెవరో. టీ తాగుతున్నవాళ్లందరూ గ్లాసులతో సహా రోడ్డు అవతలికి చేరారు. టీ మాస్టరు స్టవ్ ఆపేసి వాళ్లకంటే ముందే చేరాడు. నేను ముక్కను బోర్లా తిప్పాక చప్పుడు ఆగింది. పెద్దాయన ఇదేమీ వినలేదు. బకెట్‌లోకి వంగి చూస్తున్నాడు.

"మీటరు దగ్గర ఒక్క బుడగ లేదు," అని తలెత్తి, ఖాళీ బెంచీలు చూశాడు. "వీళ్లంతా ఏమయ్యారు?"

టీ మాస్టరును వెనక్కి పిలవడానికి చాలా కష్టపడ్డాను. "గ్యాస్ కాదన్నా. మామూలు గాలే."

"మామూలు గాలైతే సిలిండర్లో పెట్టుకుని తిరగడమెందుకు?"

బకెట్ ఆయనకిచ్చేసి సిలిండర్ పైకి మోసుకుపోయాను.

మర్నాడు గేటు కింద ఇరుక్కున్నది ఒక ఇనుప మంచం. బురద నీళ్లలో గేజ్ కళ్లకు దాదాపు ఆనించుకుంటే గానీ ముల్లు కనపడలేదు. చూసిన ప్రతిసారీ ధైర్యంగా అనిపించింది. పైకొచ్చేసరికి ఎవరి స్కూటరో ఎక్కి వచ్చిన పెద్దాయన గట్టు మీద ఉన్నాడు.

"ఈయనెవరు?" అన్నాడు పని చూడ్డానికి వచ్చిన కాలువ ఇంజనీరు సారు.

"మా మెకానిక్, సార్," అన్నాను.

పెద్దాయన అప్పటికే నా సామాను చుట్టూ తిరుగుతున్నాడు. కళ్లద్దాల మాస్కు పట్టీని వేలితో సాగదీసి చూసి, "ఇది మార్చి ఎన్నాళ్లయింది బాబూ?" అన్నాడు.

నాలుగేళ్లయింది. ఆ మాట చెప్పకుండా మాస్కు తీసుకుని సంచిలో పెట్టేశాను.