నా కుండీలో గడ్డి

గల్ఫ్ దేశంలోని ఎగైలాలో నేను పనిచేసే ఇంటి యజమానురాలు, మేం 'మామా' అని పిలిచే ఆవిడ, ఐరిస్ పూల గింజలను వారాల తరబడి ఫ్రిజ్‌లో పెట్టింది. చలి తగలందే మొలవవట. తర్వాత వాటిని నాకొక కుండీలో, కోనసీమ వంటక్కకొక కుండీలో వేసిచ్చింది.

అక్క కుండీలో మొలకలొచ్చాయని మామా రోజూ మెచ్చుకుంటుంటే నాకు కడుపు మండిపోయేది. వేరుశనగ చేలలో కలుపు తీస్తూ పెరిగింది నేను, గరిటె తిప్పేది ఆమె! అక్కసుతో ఆమె కుండీ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"నీ దాంట్లో ఏం రాలేదేంటి?" అని అక్క ఒకరోజు అడిగింది.

"వస్తాండేది గడ్డే కదక్కా. దినామూ పీకేస్తాండా."

"అయ్యో, అదేనే ఐరిసు! మొలకప్పుడు గడ్డిలాగే ఉంటాది."

నవ్వినా బాగుండేది. జాలిపడి తన మొలకలు రెండు తీసి నా కుండీలో నాటింది. రేపవి పూస్తే, నా కుండీ ముందు నిలబడి కూడా మామా ఆమెనే మెచ్చుకుంటుంది.