అమ్మమ్మ ఇచ్చిన గాలి

దీపావళి వెళ్ళిన మర్నాడు, గాలిని శుభ్రం చేసే మిషన్ వెనక మూత తీసి లోపలి జల్లెడ బయటికి లాగితే ఒక వాసన వస్తుంది. కాలిన అగ్గిపుల్ల, తడిసిన సిమెంటు, ఏళ్ళ తరబడి తెరవని ఇనప్పెట్టె, అన్నీ కలిసిన వాసన. కొన్నప్పుడు తెల్లగా ఉన్న జల్లెడ ఎలకతోలు రంగుకి తిరిగి ఉంటుంది. గ్రేటర్ నోయిడాలో మాది పద్నాలుగో అంతస్తు. ఈ కాలంలో బాల్కనీలో నిలబడితే ఎదుటి టవరు కనపడదు, కనపడలేదని ఎవరూ కంగారు కూడా పడరు. మా సొసైటీ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే గులాబీపువ్వుల శుభోదయాల కింద ఆ రోజు గాలి ఎంత చెడిందో చెప్పే నంబరు పెడతారు. పిల్లల మార్కులు పోల్చుకున్నట్టు మీ సెక్టారుకెంత, మా సెక్టారుకెంత అని పోల్చుకుంటారు. మేమే ఫస్టు అని ఒకాయన నవ్వే బొమ్మ పెడతాడు, తర్వాత అందరూ కిటికీలు మూసుకుని ఆఫీసులకి పోతారు.

ఇంతకంటే పలచగా ఉండేది గానీ ఈ వాసన నేను పుట్టి పెరిగిన వాసనే. నా చిన్నతనమంతా వసంత్ కుంజ్‌లో, మేడమీద రెండు గదుల్లో గడిచింది. నాన్న సైన్యంలో ఉండేవాడు, పోస్టింగులన్నీ కుటుంబాలు వెళ్ళడానికి వీల్లేని చోట్ల పడేవి కాబట్టి మాకు ఆయన సెలవుల్లో వచ్చే చుట్టం. అమ్మ ఆస్పత్రిలో నర్సు. అమ్మ డ్యూటీకి పోతే నన్ను చూసుకునేందుకు రేపల్లె పక్క పల్లెనించి అమ్మమ్మ వచ్చింది. పండుమిరప పచ్చడి జాడీ, పెద్దక్షరాల బైబిలు, ఒక కట్ట తాటాకు విసనకర్రలు మోసుకుని రైలు దిగింది. "ఢిల్లీలో ఫ్యాన్లుంటాయి గదమ్మా, ఇవెందుకు?" అని అమ్మ నవ్వితే, "ఫ్యానుకి కరెంటు గావాల. దీనికి చెయ్యి చాలు," అంది. ఆ మాట ఎంత నిజమో మొదటి వేసవిలోనే తేలిపోయింది.

వేసవిలో మధ్యాహ్నాలు రోడ్డుమీద మనిషి కనిపించేవాడు కాదు. ఇక్కడివాళ్ళు లూ అనే వడగాలి రాజస్థాన్ వైపునించి ఇసక మోసుకొచ్చి తలుపు సందుల్లోంచి మంచాలమీదికి పోసేది, కూలరుకి కట్టిన గడ్డి తడిసి మట్టివాసన వేసేది, అంతలో కరెంటు పోయి ఆ వాసన కూడా ఆరిపోయేది. సాయంత్రం డాబామీద బక్కెట్లతో నీళ్ళు చల్లితే నేల బుస్సుమని ఆవిరి కక్కేది, ఆ తడిమీద నులకమంచాలు వాల్చుకుని, మామిడికాయ ముక్కలు ఉప్పూకారం అద్దుకు తింటూ పడుకునేవాళ్ళం. అమ్మమ్మ విసురుతూనే ఉండేది. తనకి కునుకు పట్టినా చెయ్యి ఆగేది కాదు, విసనకర్ర అంచు మంచం పట్టెకి తగిలి టిక్కు టిక్కుమనేది. ఆవిడకి గాలులన్నీ పేరుపేరునా తెలుసు. పైరగాలి, పడమటిగాలి, వానకి ముందొచ్చే గాలి, సముద్రం మీదనించి ఉప్పగా వచ్చే గాలి. ఢిల్లీ గాలికి మాత్రం ఆవిడ దగ్గర పేరు లేదు. "ఇది గాలేందే, పొయ్యి నోరు," అనేది.

హిందీ ఆవిడకి మూడు మాటలొచ్చు. అచ్ఛా, ఠీక్ హై, భయ్యా. ఆ మూడింటితోనే ఇల్లు నడిపింది. కూరలమ్మే ఆడమనిషిని కూడా భయ్యా అనే పిలిచేది, ఆమె కూడా పలికేది. కింద ఇంట్లో ఉండే పమ్మీ ఆంటీ పంజాబీ ఆవిడ, పెద్ద గొంతు, అంతకంటే పెద్ద మనసు. వాళ్ళిద్దరూ మెట్లమీద కూర్చుని ఆవిడ పంజాబీలో, ఈవిడ తెలుగులో గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. ఏమర్థమయ్యేదో నాకు ఇప్పటికీ తెలీదు. క్రిస్మస్‌కి అమ్మమ్మ ఇనప అచ్చుతో గులాబీపువ్వులు వేసి, అరిసెలు వత్తి పళ్ళెంలో పెట్టి కిందికి పంపితే, పైకి గాజర్ హల్వా గిన్నె వచ్చేది. ఆదివారం తెలుగు ఆరాధన ఒక అద్దె హాల్లో జరిగేది. చీరలమీద స్వెట్టర్లు వేసుకున్న మా కోస్తా నర్సులూ, కంటోన్మెంటు నించి వచ్చిన సిపాయిల కుటుంబాలూ నోటినించి పొగలొస్తుంటే పాటలు పాడేవాళ్ళు. అమ్మమ్మకి వారమంతటిలో చెవులకి హాయిగా ఉండేది ఆ రెండు గంటలే.

నేను మాత్రం కింద పిల్లలతో ఏడు పెంకులాటని పిఠ్ఠూ అంటూ, తిట్లూ కొట్లాటలూ అన్నీ హిందీలోనే చేస్తూ పెరిగాను. అమ్మమ్మ తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పేదాన్ని. "దీని నోట్లో ఎవురో కూకుని మాట్టాడతన్నారు," అనేది గానీ కోప్పడేది కాదు. నేను రెండో తరగతిలో ఉండగా టీచరు ఇంట్లో ఎవరెవరున్నారు, ఏం చేస్తారు అని ఒక్కొక్కళ్ళనీ లేపి అడిగింది. నేను లేచి చాలా గర్వంగా, "నానీ దిన్ భర్ గాలీ దేతీ హై," అన్నాను. రోజంతా గాలి విసురుతుందనే నా ఉద్దేశం. హిందీలో గాలీ అంటే తిట్టు. మా నానీ, అంటే అమ్మమ్మ, రోజంతా బూతులు తిడుతుందని క్లాసంతా విన్నది. టీచరు అమ్మని పిలిపించింది. అమ్మ డ్యూటీ నించి తెల్లబట్టలతోనే వచ్చి, సంగతి విని, ముందు తెల్లబోయి, తర్వాత స్టాఫ్ రూములో కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఆ నవ్వు మెట్లు దిగి పమ్మీ ఆంటీ దాకా పోయింది.

ఇక అది మా మేడకి తినుబండారమైంది. అమ్మమ్మ ఏది మాట్లాడినా పమ్మీ ఆంటీ, "దేఖో, మాజీ ఫిర్ గాలీ దే రహీ హై!" అని తొడ చరుచుకుని నవ్వేది. చూడండి, అమ్మ మళ్ళీ తిడుతోంది అని. అమ్మమ్మకి అందులో గాలి ఒక్కటే అర్థమయ్యేది కాబట్టి, పాపం ఉక్క పోస్తున్నట్టుంది అనుకుని విసనకర్ర తీసి ఆమెకి విసిరేది. దాంతో ఆంటీ ఇంకా నవ్వేది, అమ్మమ్మా నవ్వేది, వాళ్ళని చూసి నేనూ నవ్వేదాన్ని. ఒకే మాటకి ముగ్గురం మూడు కారణాలతో నవ్వుకున్న ఆ మెట్లంటే నాకిప్పటికీ ప్రాణం.

ఆ ఏడాది చలికాలం పొగమంచు పొద్దెక్కినా విడిచేది కాదు. అమ్మమ్మకి ఉబ్బసం, సముద్రం పక్కన ఉన్నన్నాళ్ళూ అదుపులో ఉన్నది ఇక్కడికొచ్చాక ఎదురు తిరిగింది. రజాయి కప్పుకుని, గోడకి దిండు పెట్టుకుని, కూర్చునే పడుకునేది. ఆ పొద్దున అమ్మకి సెలవు దొరకలేదు, నాకు పరీక్ష. కాస్త చూస్తుండమని పమ్మీ ఆంటీకి చెప్పి, గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారమన్నట్టు ఇద్దరం చెరోదారిన పోయాం. తిరిగొచ్చేసరికి అమ్మమ్మ లేదు. మనిషి మంచంమీదే ఉంది, ఊపిరి లేదు.

పమ్మీ ఆంటీ గుండెలు బాదుకుని ఏడుస్తోంది. చివరిదాకా పక్కనే ఉన్నానంది, అల్లం టీ పట్టానంది, చలికి వణుకుతోందని కిటికీ మూసి రజాయి గట్టిగా కప్పానంది. అమ్మ ఒక్కటే అడిగింది, ఏమైనా అన్నదా అని. ఆ ఏడుపులోనే ఆంటీ మొహంమీద చిన్న నవ్వు మెరిసింది. అమ్మ చెయ్యి పట్టుకుని, "బస్, గాలీ దే రహీ థీ. గాలీ, గాలీ. మైనే కహా, దో మాజీ, జిత్నీ దేనీ హై దో, ఠీక్ హో జాఓగీ," అంది. అంతే, గాలీ గాలీ అని తిడుతూనే ఉందట, తిట్టుకో అమ్మా, ఎంత కావాలంటే అంత తిట్టుకో, తగ్గిపోతుంది అన్నదట. అమ్మ అలాగే నేలమీద కూర్చుండిపోయింది. ఆ మాటకి అర్థం ఏమిటో ఆంటీకి అమ్మ చెప్పలేదు. ఆ రోజే కాదు, తర్వాత ఎన్నడూ చెప్పలేదు. ఆ ఇల్లు ఖాళీ చేసి వచ్చేటప్పుడు నా భుజం నొక్కి, "ఆవిడికి మంచే జెయ్యాలని ఉన్నది. చెప్పి చంపొద్దు," అంది. పమ్మీ ఆంటీ పోయేదాకా, మా అమ్మమ్మ నవ్విస్తూ పోయిన మనిషని అందరికీ చెప్పుకుందని విన్నాను.

అప్పటినుంచీ అమ్మకి ఒక అలవాటు పట్టుకుంది. వార్డులోకి ఏ ఊరి ముసలివాళ్ళొచ్చినా ముందు వాళ్ళ పిల్లల్ని పక్కకి పిలిచి, మీ ఇంట్లో గాలిని, ఊపిరిని ఏమంటారని అడిగేది. తమిళులైతే మూచ్చు అంటారు, మలయాళీలైతే శ్వాసం అంటారు, బెంగాలీలు బాతాస్ అంటారని అన్నం తింటూ నాకు చెప్పేది. "బాగున్నప్పుడు ఎన్ని భాషలైనా మాట్టాడతారే. నొప్పొస్తే మాత్రం అమ్మ భాషే వచ్చిద్ది," అనేది. నేను తలూపేదాన్ని, హిందీలోనే.

ఇప్పుడు ఆ అమ్మ మాతోనే ఉంటుంది. పొగమంచులో బస్సులెక్కి దిగిన ఆ ఊపిరితిత్తులు ఇక పనికిరావని డాక్టర్లు మర్యాదగా చెప్పారు. ఆయాసం వచ్చినప్పుడు ఎవరో ఒకరు పరుగెత్తుకెళ్ళి మందు పోసి, నెబ్యులైజర్ మాస్కు మూతికి పెట్టాలి, అంతే ఉపాయం. అందుకని అమ్మ గదికి పెద్ద మిషన్ కొన్నాం. దానికి మాట కూడా వచ్చు, పిలిస్తే జోరు పెంచుతుంది, అవసరమైతే మా ఫోన్లకి గంట కొడుతుంది. ఆడగొంతు, తేనె పూసిన హిందీ. పదకొండో తరగతి చదివే మా అమ్మాయి దాన్ని అమర్చి, "నానీ, కుఛ్ భీ బోలో," అంది, ఏదో ఒకటి అనమని. అమ్మ కాసేపు దానివంక చూసి, కొత్త కోడలిని పలకరించినట్టు మెల్లగా, "గాలి," అంది. మిషన్ ఒక్క క్షణం ఆగి, "మాఫ్ కీజియే, కృపయా శిష్ట్ భాషా మేఁ బాత్ కీజియే," అంది. దయచేసి మర్యాదగా మాట్లాడండి అని.

మా అమ్మాయి మంచంమీద పడి దొర్లింది. "మమ్మీ! నానీ నే మషీన్ కో గాలీ దీ!" మళ్ళీ అనమని అడిగి వీడియో తీసి బంధువుల గ్రూపులో పెట్టింది. హైదరాబాదు నించి, బెంగళూరు నించి, ఎవరెవరో కళ్ళనీళ్ళు కారే నవ్వు బొమ్మలు వరసగా పెట్టారు. అమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వులో నేను అమ్మ కళ్ళు చూశాను, అమ్మ నావి చూసింది. అదే మాట, అదే నవ్వు. మిషన్‌ని పగలగొట్టాలన్నంత కోపమొచ్చింది గానీ పగలగొడితే అమ్మకి ఊపిరెట్లా?

ఆ సాయంత్రమే మా అమ్మాయికి గాలి అనే తెలుగు మాట నేర్పుతానన్నాను. మిషన్‌కి తెలుగు వస్తుందేమో అడుగుదామని కంపెనీకి ఫోన్ చేస్తే, ఫలానా భాషకి ఫలానా అంకె నొక్కమంటూ అక్కడా ఒక మిషనే మాట్లాడింది, ఆ వరసలో తెలుగు లేదు. అమ్మ వద్దంది. "పిల్లకి నేర్పితే పిల్లకి తెలిసిద్ది. పగలు నాకాడుండే దీదీకి? లిఫ్టుకాడ భయ్యాకి? అంబులెన్సోళ్ళకి? ఎంతమందికి నేర్పుతావే?" ఇన్ని భాషల వాళ్ళకి వాళ్ళ భాషలో ఊపిరందించిన మనిషికి తిరిగి అడిగే హక్కు లేకుండా పోయిందే అని ఏడుపొచ్చింది.

ఒక మధ్యాహ్నం ఆఫీసు నించి ముందుగా వచ్చాను. అమ్మ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల్నించి పాఠం అప్పజెప్తున్నట్టు గొంతు. "హవా. హవా. హవా చాహియే." గాలి కావాలి అని హిందీలో. అన్నప్పుడల్లా మిషన్, "జీ, జరూర్," అంటోంది. తలుపు తోస్తే అమ్మ సిగ్గుపడినట్టు నవ్వి, "ఆయాసమొచ్చినప్పుడు ఆలోచించి మాట్టాడలేం గదే. ముందే నోటికి రావాల," అంది. రోజూ చేస్తోందట. ప్రార్థన తర్వాత, టీ తాగాక, స్నానానికి ముందు. వార్డులో కొత్త నర్సులకి నేర్పినట్టే తనకి తాను నేర్పుకుంటోంది.

ఈ దీపావళి మర్నాడు పొద్దున, నేను వంటింట్లో ఉండగా ఆయాసం వచ్చింది. అమ్మ పెదాలు నల్లబడి, మంచం పట్టె పట్టుకుని, ఉన్న కాస్త ఊపిరితో అరిచింది. "హవా!" మిషన్ జోరందుకుంది, ఫోన్లు మోగాయి, మా అమ్మాయి నాకంటే ముందు పరుగెత్తి మాస్కు పెట్టేసింది. కాసేపటికి అమ్మ పెదాలకి రంగొచ్చింది. "నానీ నే హవా బోలా, మైఁ సమఝ్ గయీ," అంటూ మా అమ్మాయి నన్ను వాటేసుకుంది. అమ్మమ్మ హవా అనగానే తనకి అర్థమైపోయిందట. ఆ పిల్లని గట్టిగా ముద్దు పెట్టుకుని ఏడ్చాను. సంతోషంతో ఏడుస్తున్నాననుకుంది. సంతోషమే, అబద్ధం కాదు. కానీ నొప్పొస్తే అమ్మ భాషే వస్తుందన్న అమ్మకి, ఆ రోజు అమ్మ భాష రాలేదు.

జల్లెడ కడిగి బాల్కనీలో ఆరబెట్టాను. ఆరేలోగానే మళ్ళీ నల్లబడేట్టుంది. తాటాకు విసనకర్రలు ఏ ఇల్లు మారినప్పుడు పోయాయో గుర్తులేదు. పైరగాలీ పడమటిగాలీ అని పేరుపెట్టి చెప్పేవాళ్ళు ఈ ఇంట్లో లేరు. అమ్మ ఇప్పుడు నిద్రలో కూడా హవా అనే అంటోంది. మా ఇంట్లో గాలి అనే మాటకి ఇక ఒక్క అర్థమే మిగిలింది, తిట్టు.