ఖాళీగా వెళ్లని పళ్లెం

ఆ రోజుల్లో నా ప్రపంచమంతా తెనాలిలో ఒక చెప్పుల కొట్టు గోడమీద వేలాడుతూ ఉండేది. కొట్టువాళ్లు ఏ సంవత్సరమో తగిలించి మరిచిపోయిన క్యాలెండరు అది. తేదీల కాగితాలు ఎప్పుడో చిరిగిపోయి బొమ్మ ఒక్కటే మిగిలింది. నీలం సముద్రం, కొండ అంచున సున్నం కొట్టిన తెల్లటి ఇళ్లు, వాటి మధ్య నీలం గుమ్మటాలు. గ్రీసు దేశపు ద్వీపమని కింద రాసి ఉండేది. కాలేజీకి వెళ్తూ ఆ బొమ్మ ముందు ఒక్క నిమిషమైనా ఆగకపోతే నాకు పొద్దు గడిచేది కాదు. (ఆ నిమిషం కోసం అక్కర్లేని చెప్పులు రెండు జతలు కొన్నాను. అందులో ఒకటి ఇప్పటికీ కరుస్తుంది.) ఏనాటికైనా ఆ తెల్లటి మెట్లమీద కూర్చుని సముద్రాన్ని చూడాలని, అప్పుడు గాలికి నా చున్నీ ఎగరాలని నిశ్చయించుకున్నాను. చున్నీ రంగు కూడా ఎంచి పెట్టుకున్నాను.

హైదరాబాదులో ఉద్యోగమొచ్చి రెండేళ్లు తిరిగేసరికి ఒక చౌక విమానం టికెట్టు కంటపడింది. ఇంట్లో చెప్పాను. "లంకలు చూడ్డానికి అంత దూరం దేనికే? కొల్లూరులో పడవెక్కితే పావుగంటలో లంకలో దింపుతారు. అరటిపళ్లు కూడా పెడతారు" అన్నాడు నాన్న. అలిగి రెండు పూటలు అన్నం మానేశాను. (మూడో పూట అమ్మ గుత్తివంకాయ వండడంతో సమ్మె విరమించాను.) చివరికి రేపల్లె పిన్ని తోడు వెళ్తేనే పంపుతామన్నారు. పిన్ని అక్కడ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేది. పొదుపులో ఆవిడ తర్వాతే ఎవరైనా. నా క్యాలెండరు ద్వీపంలో గదుల అద్దెలు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూసింది. "అక్కడ ఉండక్కర్లేదే. పక్కనే ఇంకో చిన్న లంక ఉంది. ఉండేది ఇక్కడ, వండుకునేది గదిలో. నాలుగో రోజు పొద్దున్నే పడవెక్కి నీ తెల్ల ఇళ్లు చూసి సాయంత్రానికి వచ్చేద్దాం" అని తేల్చింది. ఆ పడవ డబ్బు విడిగా జేబురుమాల్లో మూటకట్టి, "ఏం జరిగినా ఇది విప్పకూడదు" అని నా చేతికిచ్చింది.

ఒక పెట్టెలో బట్టలు, ఇంకో పెట్టెలో తిండి. బియ్యం, కందిపొడి, చింతకాయ పచ్చడి, చేగోడీలు, సున్నుండలు, వేటపాలెం జీడిపప్పు, చిన్న కరెంటు కుక్కరు. పూటకి ఎన్ని చేగోడీలో కూడా పిన్ని లెక్క కట్టింది. అంతా సర్దుకుని, విమానాలు మారి, పడవ దిగి చేరాం. ఆ సముద్రం మా సూర్యలంక సముద్రంలా అరుస్తూ మీదికి రాలేదు. అరుగుమీద కూర్చున్న పెద్దమనిషిలా కదలకుండా ఉంది. సందులో కాగితంపూలు గోడలెక్కి వేలాడుతున్నాయి. మేం మేడగది తీసుకున్న ఇంటావిడకి డెబ్బై ఉంటాయి. నల్ల గౌను, బుగ్గన చొట్ట. ఆవిడకి గ్రీకు తప్ప రాదు, పిన్ని తెలుగు తప్ప మాట్లాడనంది. "అక్కయ్యగారూ, మీ కాగితంపూలు భలే ఉన్నాయండి" అనేది పిన్ని. ఆవిడ తన భాషలో ఏదో అనేది. ఇద్దరూ అలా గంటసేపు హాయిగా కబుర్లు చెప్పుకునేవారు.

మొదటి సాయంత్రమే అక్కయ్యగారు నీలం అంచు పళ్లెంలో అంజూరపళ్లు పెట్టి పంపింది. తేనె కారుతున్న పళ్లు. కిటికీలో కూర్చుని, సముద్రం గులాబి రంగుకి తిరుగుతుంటే ఒక్కొక్కటే తిన్నాం. అంతకన్నా సుఖం ఉంటుందా అనుకున్నాను. పళ్లెం కడిగి తుడిచాక కష్టం మొదలైంది. మా ఇళ్లల్లో ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వరు. రంజానుకి పక్కింటి ఖాలా సేమియా పంపితే, ఆ గిన్నెలో అరిసెలో గారెలో పడేదాకా అమ్మకి నిద్ర పట్టేది కాదు. పిన్ని పెట్టె తెరిచి పళ్లెం నిండా చేగోడీలు పోసింది. గంటలో పళ్లెం జున్ను పెట్టి కాల్చిన రొట్టెతో తిరిగొచ్చింది. అది తిని సున్నుండలు పెట్టాం. ఆలివ్ కాయలొచ్చాయి. జీడిపప్పు పోశాం. తేనె సీసా వచ్చింది. మూడో సాయంత్రానికి మాకు తిండికి ఏ లోటూ లేదు, తిరిగి ఇవ్వడానికే పెట్టెలో ఏమీ లేదు.

"గుప్పెడు పంచదార పోసి ఇచ్చేద్దాం పిన్నీ" అన్నాను.

"తేనె ఇచ్చినావిడకి పంచదారా? మన పరువేం కాను?" అంది పిన్ని. నావైపు చూడకుండానే, "ఆ జేబురుమాలు ఓసారి ఇలా ఇయ్యి" అంది.

నేనివ్వనన్నాను. అద్దెకీ దారిఖర్చుకీ పోను మా దగ్గర మిగిలిన డబ్బు అదొక్కటే. ఏడ్చాను కూడా. ఇరవై నాలుగేళ్ల ఉద్యోగస్తురాలిని, జేబురుమాలు గుండెకి హత్తుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. పిన్ని ఖాళీ పళ్లెం ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ మొహం చూడలేక నేనే ముడి విప్పాను. సందు చివరి కొట్టులో వెండికాగితం చుట్టిన బాదం మిఠాయిలు కొని పళ్లెం నింపి పంపాం. ఇక ఒక్క మనిషి పడవ టికెట్టుకే డబ్బు మిగిలింది. "నువ్వెళ్లిరా అమ్మా, నాకు మోకాళ్ల నొప్పులు" అంది పిన్ని. ఆవిడకి ఏ నొప్పులూ లేవు.

నాలుగో రోజు తెల్లారగానే పళ్లెం వచ్చింది. అందులో బాదం మిఠాయిలు! అదే వెండికాగితం.

"మనవే తిప్పి పంపిందా? నచ్చలేదేమోనే" అని పిన్ని హడలిపోయింది. కాస్త ఇంగ్లీషు వచ్చిన ఆ కొట్టాయన దగ్గరికే పరుగెత్తాం. సంగతి వింటూనే ఆయన బల్లమీద తల ఆనించి నవ్వాడు. "మిఠాయిలు ఆవిడా నా దగ్గరే కొంది. మా ఊళ్లో కూడా పళ్లెం ఖాళీగా తిరిగి ఇవ్వరమ్మా. చెట్టున పళ్లయిపోయాయి, ఇంట్లో జున్నయిపోయింది. మీరు ఎప్పుడు ఊరెళ్తారని నిన్న నన్ను అడిగింది పాపం" అన్నాడు. నేను పిన్నికి తెలుగులో చెప్పాను. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వింది. నేను నవ్వుతూనే రేవువైపు చూశాను. పడవ కూత వేస్తోంది. ఒక్కదాన్నే వెళ్లడానికి నాకు కాళ్లు రాలేదు. ఆ డబ్బుతో ఇద్దరం ఐస్‌క్రీములు తిన్నాం. "ఇది మన లెక్కలో లేదే" అంటూనే పిన్ని రెండోది అడిగింది.

కొట్టాయన ఊరుకుంటాడా? నా నోట జారిన పడవ కథ అక్కయ్యగారికి చేరవేశాడు. సాయంత్రం ఆవిడ వచ్చి నా చెయ్యి పట్టుకుని ఇంటి వెనక కొండెక్కించింది. పిన్ని మోకాళ్లు మరిచిపోయి మాకన్నా ముందు ఎక్కింది. పైన ఆవిడ వేలు చాపింది. చాలా దూరాన, సముద్రం అంచున మసక మసకగా ఒక కొండ, దాని నెత్తిన ఎవరో ముగ్గుపిండి చల్లినట్టు తెల్లటి గీత. నా క్యాలెండరు ద్వీపం! మెట్లు లేవు, గుమ్మటాలు లేవు. పొద్దు వాలుతుంటే ఆ తెలుపు గులాబి రంగయింది, తర్వాత బూడిద రంగయింది, తర్వాత లేకుండా పోయింది. ముగ్గురం ఇంకా అటే చూస్తూ కూర్చున్నాం. నాకు దుఃఖమూ సంతోషమూ కలిసే వచ్చాయి. గాలికి చున్నీ మాత్రం అనుకున్నట్టే ఎగిరింది. (ఎగిరి పిన్ని మొహాన పడింది.)

ఆ రాత్రి బాదం మిఠాయిలు సగం తిని, మిగతా సగంతోనే పళ్లెం ఆవిడకి తిప్పి పంపాం. మర్నాడు రేవుకి అక్కయ్యగారు కూడా వచ్చింది. పడవ కదలబోతుండగా గుడ్డ కప్పినదేదో పిన్ని చేతిలో పెట్టి గబగబా వెనక్కి వెళ్లిపోయింది. గుడ్డ తీస్తే నీలం అంచు పళ్లెం, నిండా అంజూరపళ్లు. ఎవరి చెట్టున కోసుకొచ్చిందో! "అక్కయ్యగారూ, పళ్లెమండీ!" అని పిన్ని కేక పెట్టింది. పడవకీ గట్టుకీ మధ్య అప్పటికే నీళ్లున్నాయి. ఆవిడ గట్టుమీద నిలబడి, గెలిచినట్టు రెండు చేతులూ ఊపుతూ నవ్వుతోంది. పిన్ని ఇక ఏమీ చెయ్యలేక ఒక పండు నా నోట్లో పెట్టింది.

ఇప్పుడు నేను బాపట్లలో ఉంటున్నాను. పళ్లెం నా వంటింట్లోనే ఉంది. పిన్ని వచ్చినప్పుడల్లా ముందు దాన్ని చూస్తుంది. ఖాళీగా కనిపిస్తే ఊరుకోదు, తెచ్చిన జంతికలు నాలుగైనా అందులో పెడుతుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ తెల్ల ఇళ్ల ద్వీపంలోనే నాలుగు రోజులు ఉండి రాగలను. సెలవులు వచ్చినప్పుడల్లా కంప్యూటర్ తెరిచి ఆ బొమ్మలు చూస్తాను. చూస్తూ చూస్తూ పక్కనున్న చిన్న ద్వీపానికి పడవలు ఏ వేళకున్నాయో వెతుకుతాను. అక్కయ్యగారు ఉందో లేదో తెలియదు. జేబురుమాలు గుండెకి హత్తుకుని ఏడ్చిన ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది, కళ్లూ చెమరుస్తాయి. పిన్నికి ఫోన్ చేసి ఈ మాటే చెబితే, "అయితే చేగోడీలకి పిండి పట్టించమంటావా?" అంటుంది. నిజమే మరి, ఈసారి నింపాల్సిన వంతు మాదే.