ఆ ఒక్కరోజు ‘ఇల్లు’ అనొద్దు

మా అత్త పోయింది. శివరాత్రి జాతర అయిపోయిన మూడోనాడు, వేములవాడలో మా వీధినిండా జనం వదిలేసిపోయిన కొబ్బరిపీచు ఇంకా ఊడ్చకముందే, పొద్దున చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని రెండు గుక్కలు తాగి, మూడోది తాగకుండా పోయింది. ఆయాసం చాలా ఏళ్లనుంచి ఉంది. డాక్టరు కూడా చెప్పే ఉన్నాడు. అయినా నాకు కోపం తగ్గడంలేదు. ఎవరిమీద కోపమో అడగకండి, నాకే తెలియదు.

పరామర్శకు వచ్చినవాళ్లంతా ‘దేవతలాంటి మనిషి’ అంటూ ముక్కు చీదారు. దేవతేమీ కాదు. చాయ్‌లో చక్కెర తక్కువైతే మూడిళ్ల అవతలికి వినబడేలా అడిగేది. ఆటల్లో తొండి చేసేది. ఓడిపోతే ఒప్పుకునేది కాదు. దేవతలను నేను చూడలేదు, ఆమెతో పద్నాలుగేళ్లు ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

మాది సాంచాల ఇల్లు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. ముందరి పెద్ద గదిలో నాలుగున్నాయి. అవి ఆడినంతసేపూ నూలు నుసి లేస్తూనే ఉంటుంది. అన్నంమీద, పిల్లల పుస్తకాలమీద, దేవుడి పటాలమీద, కంటి రెప్పలమీద కూడా పడుతుంది. పైన రేకుల కింద పట్టిన బూజుకు ఆ నుసి అంటుకుని ఊలు దారంలా వేలాడుతుంది. ఇలాంటి చోట ఏటేటా ఉగాది ముందు దులపడం, సున్నం వేయడం ఒక పండుగలాగా జరిపించేది మా అత్త.

నాకు చీపురంటే చిన్నప్పటినుంచీ మంట. నేను పుట్టింది ఉట్నూర్‌లో. పుట్టింట్లో మట్టిగోడలు అలకడం మా అమ్మ పని, తప్పించుకోవడం నా పని. పెళ్లయి వచ్చిన మొదటి ఏడు, ఉగాదికి వారంరోజులు ఉందనగా అత్త సాంచాలు బంద్ పెట్టించింది. అంత చప్పుడు ఒక్కసారి ఆగిపోయేసరికి చెవులు గుయ్యిమన్నాయి. తలెత్తి పైకి చూశాను. నీరసం వచ్చేసింది.

“ఈ ఇల్లంతా ఎప్పుడు దులిపేది అత్తమ్మా?” అన్నాను.

అంతే, ముక్కుమీద చల్లగా తగిలింది. తడిమి చూసుకుంటే సున్నం. మామ నవ్వాడు, మా ఆయన నవ్వాడు. పండుగపనికి చొప్పదండి నుంచి వచ్చిన వదినె, అంటే మా ఆయన అక్క, సాంచాకు ఆనుకుని కడుపు పట్టుకుని నవ్వింది.

“గియ్యాల ఇల్లు అనద్దు పిల్లా,” అంది అత్త, సున్నం వేలు చూపిస్తూ. “ఎవలన్నా గంతే. ముక్కుకు సున్నం.”

నాకు ఒళ్లు మండిపోయింది. వంటింట్లోకి వెళ్లి గోడవైపు తిరిగి కూర్చున్నాను. కొత్త కోడలిని, పైగా చదువుకున్నదాన్ని, నలుగురిలో ఇలా చేస్తుందా అని. కాసేపటికి ఆమె పెనానికి అద్ది కాల్చిన సర్వపిండి ముక్క ఒకటి పళ్లెంలో పెట్టుకుని వచ్చి పక్కనే చతికిలబడింది.

“ఇల్లు అంటే మస్తు పెద్దగ కనవడ్తది బిడ్డా. పానం దిగుతది. గూడు అను. గూడెంత? జానెడు. జానెడు దులపరాదా నీకు?”

“దులిపినా మూడు రోజులకు మళ్లీ నుసి పడుతుంది కదా అత్తమ్మా.”

“పడ్తది. పడకపోతే సాంచాలు నడుస్తలెవ్వన్నట్టు. నుసి పడుడు మంచిదే. గని మూడొద్దులైతే మనయి గదా!”

నేను ఒప్పుకోలేదు గానీ సర్వపిండి మాత్రం తిన్నాను. తిన్నాక లేచి ఒక గూడు దులిపాను. గోడలో దీపం పెట్టుకునే చిన్న గూడు అది. దులపడానికి నిజంగానే ఎంతోసేపు పట్టలేదు. బయటికి వచ్చి “అయిపోయింది” అన్నాను. అత్త ఇంకో ముక్క నా చేతిలో పెట్టింది. గూటికో ముక్క, ఆ రోజు లెక్క అదే. సాయంత్రానికి నేను ఆరు ముక్కలు తిన్నాను, నాలుగుసార్లు సున్నం పూయించుకున్నాను. ఈ మాట రాస్తుంటే కూడా చెయ్యి ముక్కుమీదికి పోతోంది.

ఆ తర్వాత ఏటేటా అదే తంతు. అందరం పాత అంగీలు తిరగేసి తొడుక్కోవాలి. ముక్కుకు తడిబట్ట కట్టుకోవాలి. వెదురు కర్రకు కట్టిన చీపురుతో ఎవరు ఎక్కువ పొడుగున్న బూజు తెంపకుండా దించితే వాళ్లది గెలుపు. ఇందులోనే అత్త తొండి చేసేది, రెండు ముక్కలు కలిపి ఒకటేనని చూపించేది. డబ్బాల కింద పరిచిన పాత పేపర్లు తీసేటప్పుడు నేను అక్కడే కూర్చుని చదువుతూ ఉండిపోయేదాన్ని. వదినె విసుక్కునేది. అత్త మాత్రం “సదువుకోనీ, పనేడికి పోతది? మాకు గూడ ఇనవడేటట్టు సదువు పిల్లా” అనేది. ఎప్పటివో ఎండల కబుర్లు, ఎప్పటివో పెళ్లి ప్రకటనలు గట్టిగా చదివేదాన్ని. ఆ పెళ్లికొడుక్కి పిల్ల దొరికిందో లేదో అని అందరం పరేషాన్ అయ్యేవాళ్లం.

పక్కింటివాళ్లకు మా దులుపుడు చూస్తే నవ్వులాట. “సాంచాల ఇంట్ల గింత గనం దులుపుడెందుకే?” అని ఒకావిడ గుమ్మంలోంచే అడిగింది ఓసారి. ఆమెకూ ముక్కుకు సున్నం పడింది. ఇంటిమనిషి కాకపోతేనేం, ఆ మాట అన్నదా లేదా!

పోయిన ఏడు ఆయాసం ఎక్కువై అత్త పనికి లేవలేకపోయింది. వాకిట్లో దూరంగా స్టూలు వేసుకుని కూర్చుని మామీద కేకలేసింది. మధ్యాహ్నం అన్నం పెట్టడానికి వెళ్లినప్పుడు, ఈ ఆట ఎవరు నేర్పారు అత్తమ్మా అని అడిగాను. అప్పుడు చెప్పింది.

“మీ వదినె ఐదారేండ్ల పిల్ల గప్పుడు. నూలు రాలే. సాంచాలు బంద్. మీ మామ మంచంల పండి గోడదిక్కు తిరిగిండు. తినడు, మాట్లాడడు. మాట్లాడ్తె ఒక్కటే మాట, ఇల్లెట్ల గడుస్తది, ఇల్లెట్ల గడుస్తది. దినాం నూరుసార్లు. నాకు మండింది. గోడనే సూస్తవా, సూడు, గా గోడల గూడున్నది, అది దులుపు అన్న. ఇంకోసారి ఇల్లంటే సున్నం రాస్త అన్న. అన్నడు. రాసిన.”

“మామ ఏమన్నాడు?”

“మస్తు కోపానికొచ్చిండు. కొడ్తనని లేచిండు. లేచినంక ఇగ ఊకె నిలవడ్తడా? గూడు దులిపిండు.”

చెప్పి, ఊపిరి ఎగబీలుస్తూనే నవ్వింది. అన్నేళ్లూ నేను దాన్ని పిల్లల ఆట అనుకున్నాను. నాకు సిగ్గనిపించింది.

ఇప్పుడు ఆమె పోయింది. పదకొండో రోజు కర్మ అయిపోయింది. చుట్టాలు వెళ్లిపోయారు. మామ మంచంలో గోడవైపు తిరిగి పడుకున్నాడు. సాంచాలు ఆపినవి ఆపినట్టే ఉన్నాయి. పళ్లెం పెడితే నాలుగు మెతుకులు, అడిగితే ‘ఊఁ’. రోజులు గడుస్తున్నకొద్దీ నాకు భయం పట్టుకుంది. అత్తను ఎలాగూ ఆపలేకపోయాం, ఈయన కూడా ఇలాగే మా కళ్లముందే గోడలో కలిసిపోతాడా అని.

ఉగాది దగ్గరపడింది. చావు జరిగిన గడప, ఏడాది వెళ్లేదాకా సున్నం ముట్టొద్దని వీధి పెద్దలన్నారు. ఫోనులో వదినె కూడా అదే మాట అంది. మా ఆయన మధ్యలో నలిగాడు.

“ఊరేమంటదో,” అన్నాడు.

“ఊరొచ్చి మామను లేపుతుందా?” అన్నాను.

ఆయన అటకమీదినుంచి వెదురు కర్ర దించాడు. నేను సున్నం నానబెట్టాను. నీలం కలిపాను. సర్వపిండి చేశాను. అత్త పాత రవిక మీద మామ అంగీ తిరగేసి తొడుక్కున్నాను. నేను చేస్తున్నది తప్పే అయితే ఆ తప్పు నాదే, నా నెత్తినే పడనీ అనుకున్నాను. చనిపోయిన మనిషికి మర్యాద అంటే ఆమె జీవితమంతా దులిపిన బూజును మళ్లీ పట్టనివ్వడమా? నాకు ఆ మర్యాద అర్థంకాదు.

రెండు గూళ్లు అయ్యాయో లేదో వదినె దిగింది. ఎవరో ఫోను చేసి చెప్పారట. వాకిట్లో సున్నం బకెట్టు చూసి సంచి అక్కడే పడేసింది.

“సిగ్గున్నదా నీకు? మా అవ్వ పోయి నెల కాలే. అప్పుడే ఇల్లు దులుపుతున్నవా?”

నేను ఏమీ ఆలోచించలేదు. ఆలోచిస్తే చేసేదాన్ని కాదు. వేలు సున్నంలో ముంచి ఆమె మొహంమీద పెట్టాను. ఆమె మొహం తిప్పుకుంది, ముక్కుకు తగలాల్సింది చెంపకు తగిలింది.

మా ఆయన చేతిలో కర్ర అలాగే ఉండిపోయింది. వదినె నోరు తెరిచి నన్ను చూస్తోంది. చెంపదెబ్బ పడుతుందనే అనుకున్నాను. పడితే పడనీ, కదలనని నిలబడ్డాను.

“చెంపకు గాదు. ముక్కుకు.”

మంచంమీదినుంచి వచ్చింది ఆ మాట. మామ గోడవైపే తిరిగి ఉన్నాడు. ఇన్నిరోజుల్లో ఆయన పూర్తిగా పలికిన మాట అదే.

వదినె అక్కడే కూలబడి ఏడ్చింది. తల్లి పోయిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు, వచ్చినవాళ్లకు చాయ్‌లు అందించడంతోనే సరిపోయింది. నేనూ పక్కన కూర్చుని ఏడ్చాను. కాసేపటికి ఆమె కొంగుతో చెంప తుడుచుకుని, మొహం నాముందు పెట్టి, “పెట్టు. సక్కగ పెట్టు” అంది. పెట్టాను. అప్పటికి మామ లేచి కూర్చుని ఉన్నాడు. మంచం పక్కనే ఉన్న గూటికేసి చూసి, “జర గా బట్ట ఇటియ్యి” అని చెయ్యి చాపాడు.

ఆ గూడు ఒక్కటే దులిపాడు. చాలాసేపు దులిపాడు. దులిపాక సర్వపిండి ముక్క అడిగి మరీ తిన్నాడు. మర్నాడు ఒక సాంచా ఆడించాడు, తడి సరిగా ఆరని గోడలమీద నుసి వచ్చి అంటుకుంటుంటే చూస్తూ నిలబడ్డాడు. ఇది రాస్తున్నది నాలుగోరోజు. గూళ్లలో మళ్లీ నుసి పడింది. వీధిలో నన్ను ఏమనుకుంటున్నారో నాకు తెలుసు, అనుకోనీ. మూడొద్దులైతే మావే.

గూళ్లు దులిపిన రోజు సాయంత్రమే వదినెను బస్సెక్కించడానికి వెళ్లాను. మొహం కడుక్కోమంటే కడుక్కోలేదు. బస్టాండులో అందరూ చూశారు. బస్సులో టికెట్ కొట్టే ఆమె, “అక్కా, ముక్కుకేందో అంటింది, తుడుసుకో” అంది.

“అంటలే,” అంది వదినె. “మా అవ్వ పెట్టింది.”

బస్సు కదిలింది. వదినె కిటికీ పక్కన తలెత్తుకుని కూర్చుంది. ఎండిన ఆ తెల్లచుక్క మలుపు తిరిగేదాకా నాకు కనబడుతూనే ఉంది.