రాణి బుగ్గ మీద గీతలు

ఆఫీసులో నా పని పాత బంగారు నాణేలకు మార్కులు వేయడం. బళ్ళో పంతులమ్మ పనే అనుకోండి, కాకపోతే నా దగ్గరికి వచ్చేవాటిలో సగం దెబ్బతిన్నవే. ఎవరో చిల్లు పెట్టినవి, ఎవరో కొక్కెం అతికించి మెళ్ళో వేసుకున్నవి, ఎవరో తోమి తోమి అరగదీసినవి. అలాంటివాటికి నంబరు ఇవ్వం. ఏం జరిగిందో ఒక్క మాట రాసి, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి సీలు వేస్తాం. డబ్బా పగలగొడితే మా మాట చెల్లదు.

ఈ ఉద్యోగమంటే మా పెదనాన్నకు మొదట్నుంచీ చులకనే. "చిల్లర ఏరుకునే పనా అమ్మా?" అనేవారు. పాత నాణేలు లక్షలు పలుకుతాయని ఫోన్లో ఏదో వీడియో చూశాక మాత్రం ఉన్నట్టుండి నేను ఇంటికి కావలసినదాన్నయ్యాను.

కారణం మా పిన్ని మెడలో ఉన్న మొహరు, తెల్లదొరల కాలపు బంగారు నాణెం. ఒకవైపు రాణి తల, రెండోవైపు తాటిచెట్టు ముందు నడుస్తున్న సింహం. ఒకప్పుడు నాన్నమ్మ కాసులపేరుకు పతకంగా వేలాడేదట. కాసులన్నీ కరిగి గాజులయ్యాయి. పతకాన్ని మాత్రం నాన్నమ్మ తన చేతులతో చిన్నకోడలి మెళ్ళో వేసింది. బాబాయి పోయాక పిన్ని తాళి తీయించారు గానీ దీని జోలికి ఎవరూ పోలేదు. పిల్లలు లేరు. అప్పట్నుంచీ పిన్ని రెడ్డిగూడెం దగ్గర పెదనాన్న మామిడితోటలోనే ఉంటోంది. తెల్లారకముందే లేచి కూలీలకు టీ కాస్తుంది, కాయలు ఏరుతుంది, ఇంటెడు వంటా చేస్తుంది. కూలీలకు సాయంత్రమైతే ఇల్లు చేరే వీలుంది. ఈవిడకు అదీ లేదు.

పెదనాన్న ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడతారు, వీధంతా వినాలన్నట్టు. మొహరు సంగతి అడిగినప్పుడు నేనూ గట్టిగానే చెప్పాను.

"కొక్కెం ఉంది కాబట్టి నంబరు రాదు పెదనాన్నా. కానీ ఆ రకం అరుదు. ముఖం చెడకపోతే కొనేవాళ్ళుంటారు. మెరుగు పెట్టించకండి, అసలు ముట్టుకోకండి. తోమితే మాత్రం ఉట్టి బంగారమే, నాణెం కింద ఎవరూ చూడరు."

"అయితే నువ్వొచ్చి చూడు. మంచిదైతే అమ్మేసి తోటకి డ్రిప్పు వేయిద్దాం. కాదంటే మీ పిన్నే ఉంచుకుంటుందిలే."

ఆయన గొంతు వెనక అప్పటిదాకా మోగుతున్న గిన్నెల చప్పుడు ఆగిపోయింది. అది తర్వాత గుర్తొచ్చింది నాకు.

కాయకోతల రోజుల్లో వెళ్ళాను. విస్సన్నపేటలో బస్సు దిగి ఆటో ఎక్కేసరికే తల మాడిపోయింది. ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. గదుల్నిండా వరిగడ్డి, గడ్డిలో మాగేసిన రసాలు. వడగాలికి తలుపులు మూసేశారు, కరెంటు పోయింది. మాగిన పండు వాసన బయట కమ్మగా ఉంటుంది గానీ మూసిన గదిలో గొంతుకు అడ్డం పడుతుంది. మంచం మీద నన్ను కూర్చోబెట్టి, పెదనాన్న తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకున్నారు. లేచి వెళ్ళిపోదామన్నా దారి లేదు.

పిన్ని గొలుసు తీసి నా చేతిలో పెట్టింది. మొహరు తళతళలాడుతోంది.

"నువ్వొస్తున్నావని కుంకుడు రసంలో నానబెట్టి కడిగానమ్మా," అంది పిన్ని. చుట్టాలొస్తున్నారంటే బంగారం కడుక్కోవడం మా ఇళ్ళలో ఉన్నదే.

"ముట్టుకోవద్దని చెప్పింది కదా! చెవులు లేవా నీకు?" అని పెదనాన్న అరిచారు.

"మర్చిపోయానండీ బావగారూ."

భూతద్దం పెట్టాను. కుంకుడు రసం బంగారాన్ని ఏమీ చేయదు. రాణి బుగ్గ మీదా, సింహం ఒంటి మీదా సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపుకు. గిన్నెలు తోమే స్టీలు పీచు గీతలవి. ఇంకో సంగతీ కనిపించింది. కొక్కెం మొదలు దగ్గర ఏళ్ళనాటి మురికి నల్లగా అలాగే ఉంది. శుభ్రం చేసే మనిషైతే ముందు ఆ మురికే వదిలిస్తుంది. ఈ మనిషి మురికిని వదిలేసి ముఖాన్ని రుద్దింది.

తలెత్తి చూశాను. పిన్ని నన్ను చూడటం లేదు. గడ్డి ముందు కూర్చుని మచ్చకాయలు వేరు చేస్తోంది.

"ఏమంటావ్?" అన్నారు పెదనాన్న.

"తోమేశారు. నాణెంగా ఇంక పనికిరాదు."

"ఎవరు తోమారు? కావాలనే తోమిందా? నీకు తెలుస్తుందిగా, చెప్పు!"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. నిజం చెబితే ఈ ఇంట్లో పిన్నికి ముద్ద దిగదు. అప్పుడు మా ఆఫీసే నన్ను ఆదుకుంది.

"ఏం జరిగిందో రాస్తాం పెదనాన్నా. ఎవరు చేశారో, ఎందుకు చేశారో రాయం. అది మా పని కాదు."

ఆయన నా చేతిలోంచి గొలుసు లాక్కుని పిన్ని ఒళ్ళోకి విసిరారు. "ఉంచుకో. ఊరేగు." కుర్చీ తన్నేసి తోటలోకి వెళ్ళిపోయారు.

సాయంత్రం నన్ను ఆటో ఎక్కించడానికి పిన్ని గేటుదాకా వచ్చింది. సంచీనిండా రసాలు పెట్టింది. గొలుసు మళ్ళీ మెళ్ళో ఉంది.

"ఎందుకు పిన్నీ ఇంత పని చేశావ్?"

"ఇది ఉంటే ఈ ఇంటి కోడల్నమ్మా. లేకపోతే పనిమనిషిని."

నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. "ఈ కోడరికం ఎవరిక్కావాలి? నాతో వచ్చెయ్. నాకు గది ఉంది, జీతం ఉంది. ఇప్పుడే ఆటో ఎక్కు."

పిన్ని నవ్వింది. ఆ రోజు మొత్తంలో అదొక్కసారే.

"మీ నాన్నమ్మ ఇది ఈ ఇంటి కోడలికి వేసింది తల్లీ. గడప దాటితే తీసిచ్చి పొమ్మంటారు మీ పెదనాన్న. తీసివ్వడానికా నేనంత రుద్దింది?"

ఆటో కదిలింది. పిన్ని మొహరును జాకెట్టు లోపలికి తోసుకుని, గేటు లోపల్నుంచి గడియ పెట్టుకుంది.