ఆవిడ బదులు నేను చెప్పిన జవాబు

2022లో నేను దేశ రాజధానిలోని జనక్‌పురిలో ఒక ప్రభుత్వ డిస్పెన్సరీలో స్టాఫ్ నర్సుని. కేంద్ర ప్రభుత్వోద్యోగుల కుటుంబాలే మా పేషెంట్లు. వాళ్లలో తెలుగువాళ్లంతా నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చేవారు. వాళ్లు తెలుగులో చెప్పింది నేను డాక్టరుగారికి హిందీలో చెప్పాలి. అందుకు నాకు కాస్త గర్వంగానే ఉండేది, దాచుకోను.

సుభద్రగారిది రాజమండ్రి. భర్త ఏదో మంత్రిత్వ శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కూరగాయలు బేరమాడే హిందీ ఆవిడకు బాగానే వచ్చు గానీ డాక్టరు ముందు నోరు పెగలదు. బీపీ తగ్గడం లేదని డాక్టరుగారు కొత్త మాత్ర రాశారు. అది ఎలా పనిచేస్తోందో చూపించుకోవడానికి పదిహేను రోజులకు ఫాలో-అప్‌కి వచ్చారు.

"మంచం మీంచి లేస్తే కళ్లు బైర్లు కమ్ముతున్నాయమ్మా. ఈ మాత్ర మానేయనా?" అని నన్నడిగారు.

"కొత్త మందు కదా ఆంటీ, ఒంటికి అలవాటైతే అదే సర్దుకుంటుంది. మానకండి," అన్నాను.

ఆ రోజు ఓపీడీలో ఇసుక వేస్తే రాలనంత జనం. లోపల డాక్టరుగారు ఏమైనా ఇబ్బందిగా ఉందా అని ఆవిడనే అడిగారు. ఆవిడ అలవాటుగా నావైపు చూశారు.

"సబ్ ఠీక్ హై సర్," అన్నాను నేను, అంతా బాగానే ఉందని. లేవగానే బీపీ పడిపోతోందేమోనని పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడవలసిన మనిషిని, కూర్చోబెట్టి ఒక్కసారి చూసి పంపేశాం.

నాలుగోరోజు పొద్దున మంచం దిగుతూ పడిపోయారు. తుంటి ఎముక విరిగింది. ముందే తెలిస్తే డోసు తగ్గించేవాణ్ణని డాక్టరుగారన్నారు. నేను జరిగింది చెప్పాను. ఆయన అది కేసు పేపరులో రాసుకుని, తర్వాతి పేషెంటును పిలవమన్నారు. తిట్టినా బాగుండేది.

రోజూ ఒంటరిగా పార్కుకు నడిచి వెళ్లొచ్చే మనిషి, మూడు నెలలకు వాకర్ పట్టుకుని వచ్చారు. తానే చెప్పుకోలేకపోయానని భర్తతో అన్నారట. నా మీద ఒక్క మాట పడనివ్వలేదు. అది విని సిగ్గుతో చచ్చిపోయాను.

ఆసుపత్రిలో మార్చి ఇచ్చిన కొత్త బీపీ మాత్ర గురించి డాక్టరుగారు మళ్లీ అదే ప్రశ్న అడిగారు. ఆవిడ మళ్లీ నావైపు చూశారు. ఈసారి మీరే చెప్పండన్నాను. కాసేపు తడబడి, పాదాలు చూపిస్తూ, "నయా గోలీ ఖాకే పైర్ సూజతా," అన్నారు, కొత్త మాత్ర వేసుకుంటే కాళ్లు వాస్తున్నాయని.

డాక్టరుగారు వెంటనే వంగి, వాచిన పాదాలు నొక్కి చూసి, మాత్ర మార్చారు. ఆయనకు అంతా అర్థమైంది. నా అవసరమే లేకపోయింది.

పేషెంటు తరఫున మాట్లాడటం వేరు, పేషెంటుకు బదులు మాట్లాడటం వేరు. ఆవిడ తుంటి విరిగితే గానీ నాకది తెలియలేదు.