మా మరిది ఫ్లెక్సీ మీదికెక్కిన ముచ్చట

జర దగ్గరికి జరుగుండ్రి. చింతపండు గింజలు తీస్తాన, మీరు గూడ ఓ గుప్పెడు ముందల పోసుకోండ్రి. చేతులు పనిల ఉంటె చెవులు మంచిగ ఇంటయి. నేను సదివింది తక్కువ గని, చూసింది మర్సిపోయే రకం కాదు. మా మరిది ముచ్చట చెప్త. వానికి తప్పు చేసిననాటి కంటె బాగుపడ్డనాడే ఎక్కువ కష్టమొచ్చింది, గదీ సంగతి.

మా ఇల్లు హసన్‌పర్తిల. మరిదికి ట్రాలీ ఆటో ఉన్నది. మిర్చి సీజన్ల చుట్టుపక్కల రైతుల బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తోలుతడు. ఓనాడు మబ్బు పట్టి చినుకులు మొదలైనయి. మావాడు ముందుగాల దించిన బస్తాలు పక్కకు జరిపి, ఎనుక వచ్చిన ఎవరో సావుకారి బస్తాలు కాంటా ఎక్కించిండట దడువాయి. దడువాయంటె తూకం వేసేటాయన. మాటకు మాట పెరిగింది. మావాడు ఒక్కటి పీకిండు. దడువాయి నోట్లె నుంచి పన్నొకటి ఎగిరి మిర్చి కుప్పల పడ్డది.

ఒక్క చెంపదెబ్బకు ఇంత కేసా అని మా అత్తమ్మ అడిగితె, ఊరికె కొడితె చిన్న కేసు, పన్నూడితె పెద్ద కేసు అని వకీలు చెప్పిండు. మా అత్తమ్మ నోట్లె ఉన్నయే నాలుగు పండ్లు. "అయితె నన్నెవరన్న కొడితె అడిగేటోడు లేడన్నట్టు" అన్నది.

మావాడు తప్పు ఒప్పుకున్నడు. ఇగ జైలుకు తోలాలెనా, మంచి నడవడికతోని ఉంటనని బాండు రాయించుకొని ఇంటికి పంపాలెనా అనేది జడ్జి చేతిల పడ్డది. గట్ల ఇడిచే ముందు, మనిషి ఎట్లాంటోడో వాడకట్టుల అడిగి రమ్మని కోర్టు ఒకామెను తోలుతది. ఆమెనే ప్రొబేషన్ మేడం. ఇస్త్రీ చీర కట్టుకొని, భుజానికి బ్యాగు తగిలిచ్చుకొని వచ్చి, పిల్లగాడు ఎట్లాంటోడు, తాగుతడా, ఎవరితోని తిరుగుతడు అని ఇంటింటికి అడగవట్టింది. మా వాడకట్టోళ్లకు ఇంకేం ఎరుక? పిల్లనిచ్చేటోళ్ల దిక్కు నుంచి వచ్చిందనుకున్నరు. కిరాణం కొట్టామె కుర్చీ ఏసి, పిల్లగాడు బంగారమన్నది. తాగుతడా అంటె, దసరకు కూడ మంచినీళ్లే తాగుతడన్నది. ఇంత పెద్ద అబద్ధం మా వాడకట్టుల అంతకుముందు పుట్టలే. చివరికి, మీ పిల్ల ఏం సదివిందమ్మా అని మేడమునే అడిగింది. మా పాప మూడో తరగతి అన్నదట మేడం. కిరాణమామె మొఖం చూడాలె అప్పుడు.

మొత్తానికి కోర్టు వాణ్ని బాండు మీద ఇడిచింది. నెలకోపారి మేడం ఆఫీసుకు పోయి కనపడాలె. మేడం గూడ చెప్పకుంట ఇంటికొచ్చి చూసిపోతది. ఆమెది ఒక్క పానం, నెత్తిమీద రెండు జిల్లాలు. జీపు లేదు, బస్సే దిక్కు. వచ్చినప్పుడల్ల నేను చాయ్ పోసేదాన్ని. ఆ చాయ్ తాగినంత సేపు ఆమె ఫోను టింగు టింగు మంటనే ఉండేది. ఏందమ్మా అది, ఫోన్ల గంటలు కట్టుకున్నరా అంటె, నవ్వి చెప్పింది. రాష్ట్రం మొత్తం మీద ఈ ప్రొబేషన్ పని చేసేటోళ్లు, ఆఫీసర్ల కాడికెల్లి అటెండర్ల దాక, ఒకలికొకలు ఆసరగుంటమని కూటమి కట్టుకున్నరట. దానికి ఫోన్ల ఒక గ్రూపు. పొద్దుగాల గులాబీ పువ్వులు, మాపటికి దేవుని బొమ్మలు, నడుమల పుట్టినరోజులు. ఓపారి మేడం అందుల ఒక మాట పెట్టిందట: నా కాడ బాండు మీద ఉన్న ఒక పిల్లగాడు మీ జిల్లాకు పనికి పోయిండు, ఎవరన్న ఒక్కసారి పోయి చూసి రాండ్రి అని. చేతులు జోడించిన బొమ్మలు మస్తుగ వచ్చినయట. ఆ దండాలు పెట్టినోళ్లంత ఒక్కకాడ చేరితె జాతరైతది. చూడ పోయినోడు ఒక్కడు లేడు.

గిట్ల నడుస్తాంటె, మావానికి స్టేషన్ ఘన్‌పూర్ నుంచి సంబంధం వచ్చింది. పిల్ల మందుల షాపుల పని చేస్తది. ఫోటో చూసుకున్నరు, ఇద్దరికి నచ్చింది. ఆదివారం వాళ్లు మా ఇంటికి వస్తామన్నరు. కేసు ముచ్చట ఇంకా వాళ్లకు తెల్వదు. బాండు గడువు అయినంక చెప్పొచ్చు తియ్ అన్నది మా అత్తమ్మ. మావాడు ఇనలే.

"నేనే చెప్త వదినా. వాళ్లొచ్చిన్నాడు, అందరి ముందల, నా నోటితోని చెప్త. ఇంకొకల నోటి నుంచి ఇంటె నన్ను దొంగ లెక్క చూస్తరు."

గదే మంచిదన్న. గని ఆదివారం కంటె ముందు కూటమోళ్ల రాష్ట్ర మీటింగ్ వచ్చిపడ్డది, మన హన్మకొండలనే. వాళ్లకు స్టేజీ మీద చూపెట్టేతందుకు ఒక మారిన మనిషి కావాలె. మేడం వద్దన్నది, ఆ పిల్లగాని బతుకు బజాట్ల పెట్టకుండ్రని బతిలాడింది. పేరు చెప్పం, మొఖం చూపెట్టం అని కూటమి సెక్రెటరీ సారు మాటిచ్చిండు. గా మాట నమ్మి మావాడు ఒప్పుకున్నడు, వాని తోడు నేను పోయిన. హాలు గేటు కాడనే మా మరిది మొఖం! గోడంత ఫ్లెక్సీ, దాని కింద "చీకటి నుంచి వెలుగులోకి" అని అచ్చరాలు, చుట్టు దండకు పువ్వులు గుచ్చినట్టు ఆఫీసర్ల ఫోటోలు. మేడం ఫోటో ఎతికిన. లేదు.

సెక్రెటరీ సారును అడిగితె, పేరు రాయలేదు కదమ్మా అన్నడు.

లోపల ఒకలికొకలు శాలువలు కప్పుకునుడే సరిపోయింది. కప్పించుకున్నాయన తిరిగి కప్పినాయనకు కప్పుతాండు. మావాని వంతు వచ్చేటాల్లకు శాలువలు ఒడిసినయి. ఇగ ఉపన్యాసాలు. మొదటాయన ఒక పన్ను అన్నడు. రెండో ఆయన పండ్లు అన్నడు. మూడో ఆయన మాట్లాడేటాల్లకు దడువాయి నోట్లె ఒక్క పన్ను మిగల్లే, మావాడు ఎనుమాములకు పెద్ద రౌడీ అయిండు. ఎంత పెద్ద రౌడీ అయితె వీళ్లు మార్చింది అంత గొప్పాయె మరి. బస్తాలు ఎందుకు పక్కకు జరిగినయో మాత్రం ఏ ఒక్కరు అడగలే. మావాణ్ని మైకు కాడ నిలవెట్టి, మారిన అని చెప్పుమన్నరు. మారిన సార్ అన్నడు. చప్పట్లు కొట్టిండ్రు. ఫోటోలు ఆ పూటనే గ్రూపుల పడ్డయి.

ఆ ఫోటోలు చూసినోళ్లల్ల పిల్ల మేనమామ ఒకడు. ఆయన కరీంనగర్ దిక్కు ఇదే పని ఆఫీసుల అటెండరు. మాకేం ఎరుక? అల్లుడు కావాల్సినోడు ఫ్లెక్సీ మీద కనపడంగనె ఫోను పట్టుకున్నడు. ఈ పిల్లగాడు అసలు ఎట్లాంటోడు, మా పిల్లనియ్యచ్చా అని గ్రూపులనే అడిగిండట. రాష్ట్రమంత జవాబిచ్చింది. ఒకరు చప్పట్లు, ఒకరు దండాలు, ఒకరు గులాబీ, ఒకాయన హ్యాపీ బర్త్‌డే. అడిగిందానికి జవాబు లేదు.

ఆదివారం మేనమామ, పిల్ల తల్లి, పిల్ల వచ్చిండ్రు. నేను చాయ్ తెస్తె ముట్టలే. అడిగిపోతందుకు వచ్చినం, తాగుతందుకు కాదన్నది తల్లి. అప్పుడే మా మేడం గేటు తీసుకొని వచ్చింది. గ్రూపుల ఆ ప్రశ్న చూసి, సెలవునాడు బస్సెక్కి వచ్చింది పాపం. జవాబియ్యాలని అనిపించింది ఆమె ఒక్కదానికే.

మావాడు లేచి నిలవడ్డడు. "నేనే చెప్దామనుకున్న. నాకంటె ముందు ఫ్లెక్సీ చెప్పింది" అన్నడు. మబ్బు, బస్తాలు, చెంపదెబ్బ, పన్ను, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పిండు. తల్లి మేడం దిక్కు తిరిగింది. మంచోడనే రాసిన, ఇప్పుడూ మంచోడనే చెప్త, గని మీరు ఇంకొకలను అడిగి చూడుండ్రి అన్నది మేడం.

"సుట్టాన్ని అడిగితె మెచ్చుకుంటడు, సర్కారును అడిగితె రాసింది సదువుతది. పగోన్ని అడగాలె" అన్నది పిల్ల తల్లి. "ఆ పన్ను పోయినాయన ఇల్లేడుంది?"

అందరం మావాని ట్రాలీల్నే ఎక్కి ఎనుమాములకు పోయినం. దడువాయి అరుగు మీద కూసొని పేపరు చూస్తాండు. మావాణ్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు ముందుగాల, అలవాటు లెక్క.

తల్లి అడిగింది.

"కోపిష్టోడు అక్కా, అబద్ధమెందుకు. గని పన్ను పడంగనె చుట్టున్నోళ్లు తమాష చూస్తాండ్రు, వీడు మిర్చి కుప్పల చేతులు పెట్టి ఎతుకుతాండు. కండ్లు మండి నీళ్లు కారుతానయి, ఇడవలే. పోలీసులొస్తాండ్రని అందరు ఉరికిండ్రు, వీడు ఉరకలే. పన్ను తెచ్చి నా చేతిల పెట్టిండు, తప్పైంది అన్నా అన్నడు." పేపరు మడిచి పక్కకు పెట్టిండు. "మొన్న హన్మకొండల పెద్ద మీటింగ్ అయిందట గద. పన్ను నాదాయె, నన్నొక్కరు పిలవలే."

మేనమామ తల దించుకున్నడు. ఆయన గూడ ఆ ఫోటో కింద చప్పట్లు కొట్టినోడే, మొఖం సరిగ చూడకముందు.

అప్పుడు పిల్ల మావాని దిక్కు తిరిగింది. "మళ్ల మీ బస్తాలు పక్కకు జరిపితె ఏం చేస్తవ్?"

"చెయ్యి లేపను. నోరు మాత్రం మూసుకోను, అడుగుత."

ఆ పిల్ల తన తల్లి భుజం పట్టుకున్నది. "పా అమ్మా, వాళ్లింటికి పోదాం. చాయ్ చల్లారుతాంది."

లగ్గమైంది. మేనమామ గ్రూపుల శుభవార్త పెడితె మళ్ల అవే చప్పట్లు, అవే గులాబీలు. పెండ్లి ఫోటో పంపుండ్రి, ఇంకో ఫ్లెక్సీ కొట్టిస్తం అన్నడు సెక్రెటరీ సారు. మావాడు మేడముకు ఒక్కటే చెప్పిండు: మీరు రాండ్రి, గ్రూపు వద్దు. ఆమె బిడ్డను ఏలు పట్టుకొని బస్సుల వచ్చింది. మా కిరాణమామె ఆ పాపను చూసి, ఇంకా మూడో తరగతేనా అని అడిగింది.

పాత ఫ్లెక్సీని హాలోళ్లు పారేస్తాంటె మా అత్తమ్మ ఇంటికి తెప్పిచ్చింది. ఎంత గట్టి గుడ్డ! మా చెల్లె, గా ఘన్‌పూర్ పిల్లనే, ఎండకాలం దాన్ని దాబా మీద పరుస్తది. మరిది మొఖం దిక్కు వడియాలు పెడ్తది. ఆఫీసర్ల మొఖాల దిక్కు మిర్చి ఆరపోస్తది.

ఇగ లేవుండ్రి, గింజలు ఒడిసినయి. మీ బస్తా వంతు ఎవ్వరు తప్పియ్యొద్దు, మీ ఇంటి ముచ్చట మీ నోటితోనే బయటికి రాని, మీ ఇంట్ల పోసిన చాయ్ చల్లారకముందే తాగే సుట్టాలు రాని. ముసలోళ్ల కాడికెల్లి పోరగాండ్ల దాక మీ ఇంటిల్లిపాది పండ్లు సల్లగ, గట్టిగ ఉండాలె.